ముద్దేనహళ్ళి విద్యార్థి: శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

కోలారు సీమలో పుట్టిన తెలుగువారిలో దేశమంతటా పేరు పొందినవారెవరని అడిగితే మన గనుల పేటల్లో బడికి పోయే పిల్లవాడు కూడా విశ్వేశ్వరయ్యగారి పేరు చెబుతాడు. తలపాగా, పొడుగు కోటు, చేతికర్ర, మెడలో పతకం; ఆ పటం చూడని పిల్లవాడుండడు. ఆయన ఏమి చేశారంటే మాత్రం కన్నంబాడి ఆనకట్ట కట్టించారని ఒక్క ముక్కతో ఊరుకుంటాడు. పెద్దవాళ్ళమైన మనకూ అంతకుమించి తెలియదు. ఆనకట్టను గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. ఆ మహనీయుడు ఒకరిచ్చిన విద్యార్థి వేతనంతో చదువుకున్న పేదింటి బిడ్డ అనీ, తరువాత అధికారం చేతికొచ్చినప్పుడు వేలాది బిడ్డలకు చదువుదారి వేసినవారనీ చెప్పుకోవడం తక్కువ. ఈ ఉగాది సంచికలో ఆ భాగాన్నే కాస్త విస్తరించి రాయదలిచాను. బిడ్డల ఫీజులకోసం ప్రతి ఏడూ జూన్ మాసంలో తలపట్టుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి గనుక ఇది మనకు పనికివచ్చే కథ.

ఆయన పూర్వీకులది మోక్షగుండం. అది నల్లమల అంచున, గిద్దలూరు, బేస్తవారిపేట ప్రాంతంలోని గ్రామం. కొన్ని తరాల క్రితం ఆ కుటుంబం మైసూరు సీమకు వలస వచ్చి చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో స్థిరపడింది. ఊరి పేరు ఇంటిపేరుగా వెంట వచ్చింది, తెలుగు ఇంటి భాషగా నిలిచింది. మన తాతలు చిత్తూరు సీమనుంచీ, నెల్లూరునుంచీ గనుల పనికి మూటాముల్లె సర్దుకుని వచ్చినట్టే, వారూ ఒకనాడు వలస వచ్చినవారే. ముద్దేనహళ్ళి అప్పట్లో కోలారు జిల్లాలో ఉండేది, 2007లో జిల్లాను విడదీసినప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లాకు పోయింది. జిల్లా మారినంత మాత్రాన ఆయన మనవారు కాకుండా పోరు.

తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, ఆయుర్వేద వైద్యం తెలిసినవారు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. విశ్వేశ్వరయ్యగారు పుట్టింది సెప్టెంబరు 15వ తేదీన. సంవత్సరం 1861 అని చాలా పుస్తకాల్లో ఉంది, 1860 అనేవారూ ఉన్నారు. భారత తపాలా శాఖవారు ఆయన బొమ్మతో బిళ్ళ వెలువరించింది మాత్రం 1960 సెప్టెంబరు 15న. ఇంట్లో పాండిత్యం ఉన్నా ధనం లేదు. తండ్రిగారు బిడ్డ ఇంకా బళ్ళో చదువుతూండగానే గతించారు. చిక్కబళ్ళాపురం బడిలో నాదముని నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఈ పిల్లవాడి తెలివి గుర్తించి, పై చదువుకు బెంగుళూరు పంపించమని ప్రోత్సహించారు. అక్కడ మేనమామ రామయ్యగారు ఉండేవారు. 1875లో వెస్లియన్ మిషన్ హైస్కూలులో చేరారు, తరువాత సెంట్రల్ కాలేజీలో.

ఆ సంవత్సరాలు ఎటువంటివో ఒక్కసారి తలచుకోవాలి. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశాన్ని పట్టి పీడించిన మహాక్షామం మైసూరు సంస్థానాన్ని కుళ్ళబొడిచింది. కోలారు జిల్లా ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. లక్షలాది జనం పోయారు, పశువులు పోయాయి, చెరువులు ఎండాయి. నీళ్ళ విలువ పుస్తకంలో నేర్చుకోవలసిన అగత్యం ఈ ప్రాంతపు పిల్లవాడికి లేదు. క్షామం వెళ్ళినాక కూడా దానికోసం చేసిన అప్పు సంస్థానం నెత్తిమీద మిగిలింది.

కాలేజీలో ఉండగా ఆయన ఒక కొడగు కుటుంబంలో పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకునేవారు. ఆ ఇంటి పెద్ద మైసూరు ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. పగలు తాను విద్యార్థి, ఉదయమూ సాయంత్రమూ తానే ఉపాధ్యాయుడు. గణితంలో ఆయనకున్న చురుకుదనం చూసి ప్రిన్సిపాల్ చార్లెస్ వాటర్సు దొర ప్రత్యేకంగా ఆదరించారు, ఒక వెబ్‌స్టర్ నిఘంటువు బహూకరించారు. ఎన్నో ఏళ్ళ తరువాత ఆ దొర చనిపోతూ తన బంగారు చొక్కా బొత్తాల జతను ఈ శిష్యుడికి ఇవ్వమని చెప్పిపోగా, ఆయన భార్య వాటిని తెచ్చి ఇచ్చారు. బంగారం తవ్వే ఊళ్ళో బతుకుతున్న మనం బంగారాన్ని తులాల్లో లెక్కిస్తాం. ఆ బొత్తాలను ఏ తూనిక లెక్కిస్తుంది?

1881లో ఆయన మద్రాసు యూనివర్సిటీ బి.ఏ. పరీక్షలో ఉన్నత స్థానంలో నెగ్గారు. ఆ ఏడే బ్రిటిషువారు మైసూరు రాజ్యాన్ని తిరిగి చామరాజ ఒడెయరు గారికి అప్పగించారు, రంగాచార్లుగారు దివాను అయ్యారు. మైసూరులో అప్పుడు ఇంజనీరింగు కాలేజీ లేదు. పూనా సైన్సు కాలేజీలో చదివేటందుకు సంస్థానం ఈ యువకుడికి విద్యార్థి వేతనం మంజూరు చేసింది. క్షామపు అప్పు ఇంకా తీరలేదు. కోలారు బంగారం ఇంకా లాభాల మీద పైకి రాలేదు, జాన్ టేలరు కంపెనీవారు అప్పుడప్పుడే గనుల్లో అడుగుపెడుతున్నారు. ఖజానా అలా ఉన్నప్పుడు కూడా ఒక తండ్రిలేని పిల్లవాడి చదువుకు డబ్బు తీసిపెట్టడమన్నది చిన్న నిర్ణయం కాదు. పద్దు రాసిన గుమాస్తాకు అది ఏ మూలనో ఒక వరుస మాత్రమే అయి ఉంటుంది.

1883లో బొంబాయి ప్రెసిడెన్సీ ఇంజనీరింగు పరీక్షల్లో ఆయన మొదటివారుగా నెగ్గి జేమ్సు బర్క్‌లీ బహుమానం పొందారు. ఇక్కడ రైల్వే ఉద్యోగిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ బహుమానం ఎవరి పేరిట పెట్టారో చాలామంది చరిత్రకారులు పట్టించుకోరు. జేమ్సు బర్క్‌లీగారు గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేకు మొదటి చీఫ్ ఇంజనీరు. 1853లో బొంబాయినుంచి ఠాణాకు నడిచిన మొదటి రైలుమార్గమూ, ఆ తరువాత భోర్ ఘాటు ఎక్కే మార్గమూ వారి ఆధ్వర్యాన వేసినవే. కొండలు తొలిచిన ఇంజనీరు పేరిట ఉన్న బహుమానం, ఇరవై ఏళ్ళ తరువాత ఆనకట్టలు కట్టబోయే ఇంజనీరు చేతికి చేరింది. యూనివర్సిటీ పతకాలకు ఇటువంటి వంశవృక్షం ఉంటుంది, మనం చూడం గాని.

మొదటిస్థానం వచ్చినందున బొంబాయి ప్రభుత్వం 1884లో ఆయనను అసిస్టెంటు ఇంజనీరుగా తీసుకుని నాసిక్‌కు పంపింది. మైసూరు సొమ్ముతో చదివి బొంబాయికి కొలువు చేశారేమని కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అనిపించింది. కాని లెక్క అక్కడితో మూసేయరాదు, మిగతా పుటలు చూడాలి.

బొంబాయి కొలువు ఇరవైనాలుగేళ్ళు. సింధులో సుక్కూరు పట్టణానికి మంచినీటి ఏర్పాటు, పూనా ప్రాంతపు కాలువల కింద బ్లాకు పద్ధతి వ్యవసాయం, 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి తమంతట తామే తెరుచుకునే తలుపులు, 1906లో ఏడెను రేవుకు నీటిసరఫరా, మురుగునీటి పథకం. ఇవన్నీ ఆ కాలపు పనులే. ఒక్కొక్కదానికీ ఒక వ్యాసం రాయవచ్చు. స్థలాభావం వల్ల దాటిపోతున్నాను. అన్నిటిలోనూ గమనించవలసింది ఒకటుంది. రాజభవనాలకన్నా ఎక్కువగా ఆయన చేతిమీదుగా జరిగినవి తాగే నీరు, పారే నీరు, పోయే మురుగు. పేదవాడి ఇంట్లో కలరా రాకుండా ఆపే పని అదే గదా!

1908లో స్వచ్ఛందంగా ఉద్యోగం విరమించి విదేశాలు తిరుగుతున్న కాలంలో, సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీనది పొంగి నగరాన్ని ముంచివేసింది. వేలమంది ప్రాణాలు పోయాయి. నిజాము ప్రభుత్వం కబురు పంపగా 1909లో వచ్చి, నది ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను నిలవేయాలని సూచించారు. ఉస్మాన్ సాగరు 1920లో, హిమాయత్ సాగరు 1927లో పూర్తయ్యాయి. ఇవాళ హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న మన గనుల పిల్లలు ఆ గండిపేట నీళ్ళ కథ తెలుసుకుంటే బాగుంటుంది.

1909 నవంబరులో ఆయన మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా తిరిగివచ్చారు. రైల్వేల కార్యదర్శిత్వం కూడా వారిదే. మన గనులతో ఆయన సంబంధం ఇక్కడే. 1902 నుంచి శివసముద్రం జలపాతపు విద్యుత్తు తొంభై మైళ్ళకు పైగా తీగలమీద నడిచివచ్చి ఇక్కడి యంత్రాలను తిప్పుతోంది. అంత దూరం విద్యుత్తు పంపడం ఆ రోజుల్లో లోకానికే వింత. కాని వేసవిలో కావేరి సన్నగిల్లితే కరెంటూ సన్నగిల్లేది. ఎండాకాలంలో కూడా గనులకు ఎడతెగకుండా శక్తి అందించడం, మండ్య సీమ పొలాలకు నీరివ్వడం. ఈ రెంటికోసం కన్నంబాడి వద్ద కృష్ణరాజసాగరం తలపెట్టారు. 1911లో పని మొదలైంది. సిమెంటు లేని రోజుల్లో సున్నమూ ఇటుకపొడీ కలిపిన సుర్కీ గారతో కట్టిన కట్ట అది. కాబట్టి చాంపియన్ రీఫ్స్‌లో, ఊరిగాంలో, మారికుప్పంలో మన తాతలు వేలాది అడుగుల లోతుకు దిగినప్పుడు వారిని దించిన పంజరాలకూ, లోపలికి గాలి పంపిన యంత్రాలకూ వెనుక ఈ ముద్దేనహళ్ళి మనిషి లెక్కలు ఉన్నాయి. బంగారం లండనుకు పోయింది నిజమే. మైసూరు ఖజానాకు వచ్చే రాయల్టీ మాత్రం ఇక్కడ మిగిలింది. అది సంస్థానపు రాబడిలో పెద్ద పద్దు.

1912 నవంబరులో దివాను పదవి స్వీకరించి ఆరేళ్ళు నిర్వహించారు. ఆ రాబడి ఎటు పోవాలన్న ప్రశ్నకు ఆయన జవాబు స్పష్టంగా ఉంది, చదువుకు. ప్రాథమిక విద్య నిర్బంధం చేయడానికి 1913లో చట్టం వచ్చింది. అదే ఏడు హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల, అదే ఏడు మైసూరు బ్యాంకు. బౌరింగుపేటనుంచి కోలారుకు చిన్నరైలు నడిచిందీ 1913లోనే. నా మటుకు నాకు ఆ చిన్నరైలు కూడా విద్యాశాఖ పద్దులో రాయదగినదే, పల్లెటూరి పిల్లవాడిని హైస్కూలున్న ఊరికి చేర్చింది గనుక.

అప్పటిదాకా మైసూరు కాలేజీలన్నీ మద్రాసు యూనివర్సిటీ నీడనే ఉండేవి. మన విశ్వవిద్యాలయం మనకు కావాలని దివాను పట్టుబట్టారు. విదేశీ విశ్వవిద్యాలయాల పద్ధతులు చూసిరావడానికి పంపిన ఇద్దరిలో ఒకరు థామస్ డెన్‌హాం దొర, రెండవవారు మన చిత్తూరు జిల్లా కట్టమంచికి చెందిన రామలింగారెడ్డిగారు. రెడ్డిగారు స్వయంగా ప్రభుత్వ విద్యార్థి వేతనంమీద కేంబ్రిడ్జి వెళ్ళి చదివివచ్చినవారు, అప్పుడు మైసూరు మహారాజా కాలేజీలో ఆచార్యులు. చూడండి, ఒక స్కాలర్‌షిప్ విద్యార్థి మరొక స్కాలర్‌షిప్ విద్యార్థిని పంపించి ఒక విశ్వవిద్యాలయానికి పునాది వేయించారు, ఇద్దరూ తెలుగువారే! 1916 జూలై 27న మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. స్వదేశ సంస్థానాలలో అది మొదటిది. తెలుగుదేశంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలిసింది మరి పదేళ్ళకు, 1926లో. దానికి మొదటి ఉపాధ్యక్షులు ఆ రామలింగారెడ్డిగారే. మైసూరులో చేసిన సాధన అక్కడ ఫలించిందన్నమాట.

1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కాలేజీ తెరిచారు. తాను ఇంజనీరింగు కోసం పూనా పోవలసివచ్చింది, తరువాతి కోలారు పిల్లవాడు బెంగుళూరు పోతే చాలునన్న స్థితి వచ్చింది. సమర్థులైన యువకులను పై చదువులకు విదేశాలకు పంపడానికీ, వెనుకబడిన వర్గాల పిల్లలు బళ్ళలో నిలిచి చదవడానికీ వేతనాలు ఏర్పాటు చేశారు. వ్యవసాయం, యంత్రవిద్య, వాణిజ్యం వంటి, పదిమందికి అక్కరకు వచ్చే చదువులంటే ఆయనకు మక్కువ ఎక్కువ. ఉత్త పట్టా పుచ్చుకుని కచేరీలో బల్లముందు కూర్చునే చదువుమీద అంత మోజు లేదు. ఇది రాస్తున్నవాడు బల్లముందు కూర్చునే గుమాస్తాయే గనుక చిన్నగా నవ్వుకుని ముందుకు పోతున్నాను.

ఇక్కడ దాచకూడని సంగతి ఒకటి ఉంది. జీవితచరిత్రలు రాసేవారు దీనిని చప్పున దాటేస్తారు. ఆ రోజుల్లో మైసూరు ప్రభుత్వోద్యోగాలన్నీ ఇంచుమించు ఒక్క వర్గం చేతిలో ఉన్నాయని తక్కిన కులాలవారు ఆందోళన సాగించారు. 1917లో ప్రజామిత్ర మండలి ఏర్పడింది. 1918లో మహారాజా నాలుగవ కృష్ణరాజ ఒడెయరు, సర్ లెస్లీ మిల్లరు అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేశారు. ఉద్యోగాల్లో వర్గాలవారీగా వాటా పెట్టడం విశ్వేశ్వరయ్యగారికి సమ్మతం కాలేదు. వెనుకబడినవారికి వేతనాలిచ్చి చదివిద్దాం, యోగ్యత వచ్చాక ఉద్యోగం దానంతటదే వస్తుందన్నది వారి పక్షం. మహారాజావారి పక్షం వేరు. ఈ భేదం పెరిగి, 1918 చివర దివానుగారు పదవి వదిలారు. మిల్లరు సంఘం 1919లో నివేదిక ఇచ్చింది, ప్రభుత్వం రిజర్వేషను పద్ధతి అమలు పెట్టింది.

ఎవరిది ఒప్పు? పెద్దలు వాదించుకున్న విషయం. అయినా గనుల లైన్లలో పుట్టిపెరిగినవాడిగా నా అభిప్రాయం చెప్పక తప్పదు. విద్యార్థి వేతనం మనిషిని తలుపుదాకా తీసుకువెళుతుంది. తలుపు లోపలనుంచి గడియపెట్టి ఉంటే వేతనం ఏమి చేస్తుంది? ఈ విషయంలో మహారాజావారి చూపే దూరం పోయిందని నాకు తోస్తుంది. అయితే తలుపు తెరిచి ఉన్నా అక్కడిదాకా నడిచే కాళ్ళకు బలమివ్వాలి గదా, ఆ పని దివానుగారు చేశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి వేలకొద్దీ కుటుంబాల జీతాలు ఒక్కరోజున నిలిచిపోయినప్పుడు, మన పిల్లలను చదువులో నిలబెట్టింది ఇద్దరి ఏర్పాట్లూ కలిసే. ఇవాళ తెల్లవారుజామున మారికుప్పంనుంచి బెంగుళూరు పోయే రైళ్ళలో నిలబడి ప్రయాణం చేసే నర్సింగు విద్యార్థినులు, ఉపాధ్యాయ శిక్షణ పిల్లలు, పాలిటెక్నిక్ కుర్రవాళ్ళు, వీరిలో ఎందరు ఉపకార వేతనంమీద చదువుతున్నారో సీజన్ టికెట్టు తీసుకునేటప్పుడు వారు చెప్పే మాటల్లోనే తెలిసిపోతుంది.

పదవి వదిలిన తరువాత కూడా ఆయన ఊరుకోలేదు. 1923 నుంచి 1929 వరకు నష్టాల్లో ఉన్న భద్రావతి ఇనుప కర్మాగారాన్ని అధ్యక్షులుగా చక్కదిద్దారు. ఆ సేవకు తనకు రావలసిన ప్రతిఫలం చేతికి తీసుకోకుండా, దానితో కుర్రవాళ్ళకు చేతిపనులు, యంత్రపు పనులు నేర్పే విద్యాలయం పెట్టమన్నారు. దానికి ఆయన పేరే పెడతామంటే ఒప్పుకోలేదు. 1943లో బెంగుళూరులో అది మహారాజావారి పేరుమీద శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యా సంస్థగా ఏర్పడింది. ఇవాళ అది ఎస్.జె. పాలిటెక్నిక్ అంటే అందరికీ తెలుస్తుంది. గనుల పిల్లలు అక్కడ చదివి పైకి వచ్చినవారు ఉన్నారు. పూనా చదువుకు మైసూరు ఇచ్చిన సొమ్ము లెక్క ఇంతకుముందు సగంలో ఆపాను, ఆ పుటలో జమవైపు రాయవలసిన పద్దులలో ఇదొకటి.

ఆయన నిజాయితీని గురించి, సమయపాలనను గురించి, కొవ్వొత్తుల కథవంటివి చాలా ప్రచారంలో ఉన్నాయి. పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే గనుక ఇక్కడ తిరిగి రాయడం లేదు. 1934లో దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని పుస్తకం రాశారు. 1955లో భారతరత్న బిరుదు వచ్చింది. నూరేళ్ళు నిండిన జీవితం 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో ముగిసింది. అంత్యక్రియలు పుట్టిన ఊళ్ళోనే జరిగాయి.

బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీకి తరువాత ఆయన పేరు పెట్టారు. 1998లో బెళగావి కేంద్రంగా వెలసిన సాంకేతిక విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే. ఎలక్ట్రానిక్సు, కంప్యూటరు రంగాల్లో పరిశోధన చేసే విద్యార్థులకు కేంద్రప్రభుత్వం 2014లో ప్రారంభించిన వేతన పథకం పేరు విశ్వేశ్వరయ్య పీహెచ్‌డీ పథకం. ఆయన పేరిట విగ్రహాలు ఎన్ని ఉన్నా, విద్యార్థి వేతనానికి పేరు పెట్టడమే నాకు తగిన గౌరవంగా తోస్తుంది. మా శాఖవారు కూడా వెనుకబడలేదు. బైయప్పనహళ్ళిలో కట్టిన కొత్త టెర్మినలుకు సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్ అని పేరు పెట్టి 2022లో రైళ్ళు నడపసాగారు.

ముద్దేనహళ్ళిలో ఆయన పుట్టిన ఇంటిని స్మారక మందిరంగా కాపాడుతున్నారు, సమాధి కూడా ఆ ఊళ్ళోనే ఉంది. ఆయన వాడిన వస్తువులు, పొందిన పతకాలు అక్కడ చూడవచ్చు. పిల్లలను తీసుకువెళ్ళదలచినవారు మారికుప్పం బండిలో బంగారుపేట దిగి, అక్కడ కోలారు మార్గంలో చింతామణి, శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం చేరవచ్చు. ఒకనాటి ఆ చిన్నరైలు దారే ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. చిక్కబళ్ళాపురంనుంచి ముద్దేనహళ్ళి కొద్ది మైళ్ళే, బస్సులూ ఆటోలూ ఉంటాయి. బయలుదేరేముందు బండ్ల వేళలు స్టేషనులో కనుక్కుని వెళ్ళండి.